పగ ఎక్కడ పుడుతుంది?

 



“పగ పెట్టుకోవద్దు” అనే మాట మనం రెండు చోట్ల వింటాం. పేట మీద దాడి జరిగిన మర్నాడు ఊరి పెద్దలు వచ్చి చెప్తారు. “అయ్యిందేదో అయ్యింది, రేపు పొద్దున్న మళ్లీ ఒకరి మొహం ఒకరం చూసుకోవాలి, కేసులూ గీసులూ ఎందుకు, రాజీ పడండి” అంటారు. ఆదివారం విహారంలో వందన అయ్యాక ధమ్మపదం తెరిస్తే మొదటి వర్గంలోనే వైరం గురించిన గాథలు వస్తాయి. అక్కడా ఇదే మాట చెప్తున్నట్టు అనిపిస్తుంది. అందుకే మన కుర్రాళ్లు కొందరు అడుగుతుంటారు: “దొర చెప్పిందీ బుద్ధుడు చెప్పిందీ ఒకటేనా? అలాంటప్పుడు మతం మారి ఏం లాభం?”

ఈ ప్రశ్నను కసిరి కూర్చోబెట్టకూడదు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కావాలంటే ముందు పగ అంటే ఏంటో, అది మనిషిలోకి ఎలా వచ్చిందో చూడాలి. దాన్ని రాక్షస గుణం అనో, పూర్వజన్మ వాసన అనో తీసిపారేస్తే మనం మళ్లీ పాత ఇంటికే పోయినట్టు. బాబాసాహెబ్ మనకు చూపించిన బుద్ధుడు కారణం వెతికే బుద్ధుడు. కారణం లేకుండా ఏదీ పుట్టదన్నదే పటిచ్చ సముప్పాదం. పగకీ కారణాలున్నాయి.

పాము పగ, కోతి పగ

పాము పన్నెండేళ్లు పగ పడుతుందని మన ఊళ్లలో చెప్పుకుంటారు. దాని మీద సినిమాలు కూడా వచ్చాయి. నిజానికి పాముకు అంత జ్ఞాపకం లేదు. తొక్కితే కాటేస్తుంది, తప్పుకుంటే దాని దారిన అది పోతుంది. పగ పట్టాలంటే ఫలానావాడు అని గుర్తుపట్టగలగాలి, వాడు చేసింది మర్చిపోకూడదు, అదను వచ్చేదాకా ఆగగలగాలి. గుంపుగా బతుకుతూ, ఎవరు తనవాళ్లో ఎవరు కాదో లెక్క పెట్టుకునే ప్రాణికి ఇవన్నీ ఉంటాయి.

2007లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు చింపాంజీలతో చేసిన ప్రయోగం ఒకటి చెప్తాను. చింపాంజీ బోను ముందు, జారే బల్ల మీద తిండి పెట్టారు. ఒక తాడు లాగితే బల్ల కూలిపోయి తిండి ఎవరికీ దక్కకుండా పోతుంది. ఎదురు బోనులోని చింపాంజీ ఆ తిండిని తనవైపు లాక్కున్నప్పుడు, పోగొట్టుకున్న చింపాంజీ తాడు లాగి బల్ల కూల్చేసేది. అదే తిండిని మనిషి తీసి ఎదుటిదానికి పెడితే అంతగా కూల్చలేదు. అంటే ఎదుటిది తింటోందన్న కుళ్లు కాదది. “నాది లాక్కున్నావు” అన్న కోపం.

జపాన్ కోతుల్ని గమనించినవాళ్లు ఇంకో సంగతి పట్టుకున్నారు. తనను కొట్టింది తనకన్నా బలమైన కోతి అయితే దెబ్బతిన్న కోతి నేరుగా దాని మీదికి పోదు. కొట్టినదాని బంధువుల్లో తన చేతికి లొంగేదాన్ని చూసుకుని దాన్ని కొడుతుంది. రాయలసీమ ఫ్యాక్షన్ కథలు విన్నవాళ్లకు ఇదేం కొత్త కాదు. అన్న దొరక్కపోతే తమ్ముడు, తమ్ముడు దొరక్కపోతే బావమరిది. మన పేటల మీదికి వచ్చేవాళ్ల పద్ధతి కూడా ఇదే. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

ఇంతకీ ప్రకృతిలో ఈ గుణం ఎందుకు నిలిచింది? తిరిగి కొట్టినంత మాత్రాన పోయింది వెనక్కి రాదు. తాడు లాగిన చింపాంజీకి తిండి దక్కలేదు. దక్కేది ఒక్కటే: దీని జోలికి పోతే ఊరుకోదని మిగతావాటికి తెలుస్తుంది. పోలీసూ కోర్టూ లేని లక్షల ఏళ్లలో ప్రాణికి ఉన్న కంచె అదే. కంచె లేని చేనును ఎవరి గొడ్డయినా మేస్తుంది. మీ లోపల పగ రగిలినప్పుడు మాట్లాడేది ఆ పాత కంచే. “నాకు ఇలా మళ్లీ జరగకూడదు” అంటుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. మీకు పగ వచ్చిందంటే మీరు చెడ్డ బౌద్ధులు అయిపోయినట్టు కాదు.

1980 ప్రాంతంలో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ల మీద ఒక పోటీ పెట్టాడు. ఇద్దరు ఆటగాళ్లు మళ్లీ మళ్లీ ఎదురుపడతారు. ప్రతిసారీ సహకరించొచ్చు, లేదా మోసం చెయ్యొచ్చు. పండితులు ఎంతో తెలివిగా రాసిన ప్రోగ్రాములు పంపారు. గెలిచింది మాత్రం అన్నిట్లోకీ చిన్నది, అనటోల్ రాపపోర్ట్ పంపినది. మొదటిసారి సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు క్రితంసారి ఏం చేశాడో అదే నువ్వూ చెయ్యి. అంతే దాని తెలివి. అది తానుగా మోసం మొదలుపెట్టదు, మోసపోయి ఊరుకోదు, ఎదుటివాడు దారికొస్తే పాతది తవ్వదు. చాలామంది ఇక్కడే ఆపేసి “చూశారా, దెబ్బకు దెబ్బే మందు” అంటారు. కానీ ఆ ప్రోగ్రాములో ఒక లోపం ఉంది. అలాంటివాళ్లే ఇద్దరు ఎదురుపడి, మధ్యలో ఒక్క పొరపాటు జరిగితే, ఒకరి సహకారాన్ని రెండోవాడు మోసం అనుకుంటే, ఇక ఆ దెబ్బకు ఈ దెబ్బ, ఈ దెబ్బకు ఆ దెబ్బ అంటూ ఆట ఎప్పటికీ తేలదు. పొరపాట్లు జరిగే లోకంలో అప్పుడప్పుడూ ఒక దెబ్బను లెక్కలోంచి వదిలేసే ప్రోగ్రామే ఎక్కువ కాలం నిలబడుతుందని తర్వాతివాళ్లు చూపించారు. మన లోకం పొరపాట్ల లోకమే కదా.

రోహిణి నది దగ్గర

2003లో లండన్‌లో శాస్త్రవేత్తలు మనుషుల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, వేలి మీద చిన్న యంత్రంతో ఒత్తిడి పెట్టించారు. “నీ వేలి మీద ఎంత బలంగా నొక్కారో నువ్వూ సరిగ్గా అంతే బలంతో ఎదుటివాళ్ల వేలు నొక్కు” అని ఇద్దరికీ విడివిడిగా చెప్పారు. ఇద్దరూ నిజాయితీగానే నొక్కారు. అయినా వంతు మారిన ప్రతిసారీ ఒత్తిడి సగటున మూడో వంతుకు పైగా పెరుగుతూ పోయింది. ఎందుకంటే మన చేత్తో మనం పెట్టే బలాన్ని మన మెదడు తగ్గించి చూపిస్తుంది. పడిన దెబ్బను ఉన్నదున్నట్టుగా చూపిస్తుంది. ఎదుటివాడు ఎక్కువ కొట్టాడని ఇద్దరూ ప్రమాణం చేసి చెప్తారు, ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. తోటికోడళ్ల తగాదాలో, గట్టు తగాదాలో, పంచాయితీకి కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ ఇది అనుభవమే.

ఇప్పుడు “బుద్ధుడు ఆయన ధమ్మం” పుస్తకం తెరవండి. సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడంటే ముసలివాణ్నీ రోగినీ శవాన్నీ చూసి అని మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు. బాబాసాహెబ్ ఈ కథ ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా మనిషి చావును చూడకుండా ఉంటాడా అని అడిగారు. ఆయన చెప్పిన కారణం రోహిణి నది నీళ్లు. శాక్యులూ కోలియులూ ఆ నీళ్లతోనే పొలాలు తడుపుకునేవాళ్లు. ఎవరు ముందు తీసుకోవాలని ఏటా తగువే. ఒక ఏడు రెండు వైపుల పనివాళ్లూ కొట్టుకున్నారు, దెబ్బలు తగిలాయి. శాక్య సేనాపతి సంఘాన్ని పిలిచి యుద్ధం ప్రకటిద్దామన్నాడు.

సిద్ధార్థుడు లేచి తొందరపడొద్దన్నాడు. తప్పు ఎవరిదో ముందు విచారించాలి, మనవాళ్లు కూడా చెయ్యి చేసుకున్నారని విన్నాను అన్నాడు. దానికి సేనాపతి ఇచ్చిన జవాబు చూడండి. అవును, ముందు చెయ్యెత్తింది మనవాళ్లేనని ఒప్పుకున్నాడు. కానీ ముందు నీళ్లు తీసుకునే వంతు మనదే కదా అన్నాడు. లండన్‌లో వేలు నొక్కినవాళ్ల లెక్క ఇదే. నా దెబ్బకు ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది, వాడి దెబ్బకు మాత్రం ఉండదు.

సిద్ధార్థుడు “నీళ్లు వాళ్లకే వదిలేద్దాం” అనలేదు. ఇది చాలామంది గమనించరు. మన నుంచి ఇద్దరు, వాళ్ల నుంచి ఇద్దరు, ఆ నలుగురూ ఎన్నుకున్న ఐదో మనిషి కలిసి తగువు తేల్చాలని ప్రతిపాదించాడు. శాక్యుల హక్కును అలాగే ఉంచి, దాన్ని కొలిచే చెయ్యి మార్చమన్నాడు. తీర్మానం ఓడిపోయింది. యుద్ధంలో చేరనన్నందుకు సంఘం ఏమని బెదిరించింది? మీ కుటుంబాన్ని సాంఘికంగా బహిష్కరిస్తాం, మీ భూములు లాక్కుంటాం అంది. నీళ్లు, బహిష్కరణ, భూమి. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఈ మూడు మాటలు మన పేటలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తీపి

పగకు అంత బలం ఎక్కడిది? 2004లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో డబ్బుల ఆటలో నమ్మి మోసపోయినవాళ్ల మెదడును స్కాన్ చేస్తూ, మోసం చేసినవాణ్ని శిక్షించే అవకాశం ఇచ్చారు. శిక్ష వేసేందుకు సిద్ధపడుతుంటే మెదడులో ఏ చోటు చురుగ్గా పనిచేసిందో తెలుసా? ఏదైనా లాభమో సుఖమో అందబోతున్నప్పుడు పనిచేసే చోటే. అది ఎంత ఎక్కువ చురుగ్గా ఉంటే వాళ్లు సొంత డబ్బు అంత ఎక్కువ పోగొట్టుకుని మరీ శిక్ష వేశారు. పగ తియ్యగా ఉంటుందన్నది ఊరికే అన్న మాట కాదన్నమాట. బుద్ధుడు కూడా కోపానికి తేనె పూసిన కొస ఉందని ఒప్పుకున్నాడు. వేరులో ఏముందో కూడా చెప్పాడు, విషం.

ఆ వేరు సంగతి 2008లో అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో కనిపించింది. అక్కడా డబ్బుల ఆటే, అక్కడా నమ్మించి ముంచినవాడే. కొందరికి వాణ్ని శిక్షించే వీలు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే మనసు తేలికపడుతుందని అందరూ అనుకున్నారు. జరిగింది తలకిందులు. శిక్షించినవాళ్లే ఎక్కువ చికాకుగా ఉన్నారు, వాడి గురించే ఎక్కువసేపు ఆలోచిస్తూ ఉండిపోయారు. శిక్షించే వీలు లేనివాళ్లు వాణ్ని పక్కన పెట్టి తమ పని చూసుకున్నారు. స్పర్శ, దాని నుంచి వేదన, దాని నుంచి తృష్ణ, దాని నుంచి పట్టుకుని వదలకపోవడం అని మనం వరసగా చదువుకునేది ఇదే. తీపి కోసం పట్టుకుంటాం, అది మనల్ని పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక పక్క మాట. తిరిగి కొట్టే బలం లేనివాళ్లు మన ఊళ్లలో ఏం చేస్తారు? మట్టి తీసి దుమ్మెత్తిపోస్తారు. “నా ఉసురు తగిలి నాశనమైపోతావు” అంటారు. వాడి ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే “చూశావా, దేవుడున్నాడు” అంటారు. మా అమ్మమ్మల కాలంలో అంతకుమించి చేతిలో ఏమీ లేదు కాబట్టి వాళ్లను తప్పుపట్టను. కానీ బౌద్ధులం అయ్యాక కూడా కొందరం ఇదే మాటను “వాడి కమ్మ వాణ్ని కొడుతుంది” అని పేరు మార్చి వాడుతున్నాం. అది కమ్మ సిద్ధాంతం కాదు, దేవుడి చేతికి అప్పగించిన పగ. దానివల్ల రెండు నష్టాలు. పగ లోపలే మిగిలిపోతుంది, చెయ్యాల్సిన ఫిర్యాదు చెయ్యకుండా పోతాం.

ఎవరికి ఏది అవమానం?

ఇంతవరకు చెప్పింది సమానుల మధ్య పగ. కులం వచ్చేసరికి లెక్క మొత్తం మారిపోతుంది.

“కుల నిర్మూలన”లో బాబాసాహెబ్ జైపూర్ సంస్థానంలోని చక్వారా ఊరి సంగతి రాశారు. తీర్థయాత్ర చేసి వచ్చిన ఒక అంటరాని మనిషి తనవాళ్లకు నేతితో విందు పెట్టాడు. ఊరి హిందువులు వందల మంది కర్రలతో వచ్చి తిండి పాడుచేసి, తింటున్నవాళ్లను కొట్టారు. నెయ్యి వాళ్లది కాదు. డబ్బు వాళ్లది కాదు. వాళ్ల ఒంటి మీద గీత పడలేదు. అయినా వాళ్లకు దెబ్బ తగిలినట్టే అనిపించింది. చుండూరులో 1991లో మొదటి కారణం ఏంటి? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులం కుర్రాడికి తగలడం. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. కారంచేడులో 1985లో మాదిగ పేట తాగునీటి చెరువును పాడుచేస్తుంటే, అదేమని అడిగారు. జులై 17న ఆరుగురిని చంపారు.

చింపాంజీ కనీసం తన తిండి పోయినప్పుడు బల్ల కూల్చింది. వీళ్లకు పోయింది ఏముంది? పోయింది మెట్టు. ఎదుటివాడు తన మెట్టు మీద కూర్చోవడమే కులం కంటికి దాడిలా కనిపిస్తుంది. అందుకే పేట మీద దాడి చేసినవాడు తాను దాడి చేశానని అనుకోడు, “బుద్ధి చెప్పాను” అనుకుంటాడు. ఎవరు అడిగారో వాళ్లే కాదు, చేతికి దొరికిన వాళ్లందరినీ కొడతాడు. జపాన్ కోతి కూడా బలవంతుడికి భయపడి వాడి బంధువుని కొడుతుంది, వీడికి ఆ భయం కూడా లేదు. పగ అనే పాత యంత్రం ప్రకృతి ఇచ్చింది. అది దేనికి రగలాలో నేర్పింది మాత్రం మనుస్మృతి. ప్రకృతి ఇచ్చినదాన్ని మార్చడానికి చాలా కాలం పట్టొచ్చు, పుస్తకం నేర్పినదాన్ని మార్చొచ్చు. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో దాన్ని తగలబెట్టడం వెనక ఉన్న తర్కం ఇదే.

కాబట్టి దాడి అయ్యాక ఊరి పెద్ద వచ్చి “ఇద్దరూ పగలు మానుకోండి” అన్నప్పుడు అందులో మోసం ఎక్కడుందో తెలుస్తుంది. పగ తీర్చుకున్నది వాళ్లు. మానుకోమని చెప్పేది మనకు.

దీఘావు కత్తి

బుద్ధుడు చెప్పిన మాట వేరు అని ఎలా తెలుస్తుంది? వినయ పిటకం మహావగ్గంలో కోసంబి భిక్ఖువులకు ఆయన చెప్పిన కథ చూడండి.

కాశీ రాజు బ్రహ్మదత్తుడు చిన్న రాజ్యమైన కోసల మీద పడి అంతా లాక్కున్నాడు. కోసల రాజు దీఘీతి, రాణి వేషం మార్చుకుని కాశీలోనే ఒక కుమ్మరి ఇంట్లో తలదాచుకున్నారు. అక్కడ కొడుకు పుట్టాడు, దీఘావు. పాత మంగలి గుర్తుపట్టి రాజుకు పట్టించాడు. ఇద్దరినీ వీధుల్లో తిప్పి, ఊరి బయట ముక్కలుగా నరికించారు. గుంపులో కొడుకును చూసిన తండ్రి, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, ఎక్కువ దూరం చూడకు, మరీ దగ్గరగా కూడా చూడకు, వైరం వైరం వల్ల తీరదన్న అర్థం వచ్చేలా హెచ్చరించి చనిపోయాడు. రాత్రి దీఘావు కాపలావాళ్లకు కల్లు పోయించి తల్లిదండ్రులకు దహనం చేశాడు. తర్వాత ఏనుగుల శాలలో పనికి కుదిరాడు, వీణ వాయించి రాజు కంట్లో పడ్డాడు, నమ్మినబంటు అయ్యాడు. ఒకరోజు వేటలో సైన్యాన్ని తప్పించి రథాన్ని దూరంగా తోలుకుపోయాడు. అలిసిన రాజు అతని ఒళ్లో తల పెట్టి నిద్రపోయాడు.

దీఘావు మూడుసార్లు కత్తి దూశాడు. మూడుసార్లూ తండ్రి మాట గుర్తొచ్చి ఒరలో పెట్టాడు. దీఘీతి కొడుకు తనను నరుకుతున్నట్టు పీడకల వచ్చి రాజు ఉలిక్కిపడి లేచాడు. అప్పుడు దీఘావు ఏం చేశాడు? కాళ్ల మీద పడలేదు. ఎడమచేత్తో రాజు తల పట్టుకుని కుడిచేత్తో కత్తి దూసి, నేను ఆ కొడుకునే, నువ్వు మాకు చేసింది ఇదీ అని పేరు పెట్టి చెప్పాడు. రాజు ప్రాణం అడిగాడు. నీ ప్రాణం నేనివ్వడం ఏంటి, నా ప్రాణం నువ్వూ ఇవ్వాలి అన్నాడు దీఘావు. ఇద్దరూ ఒకరికొకరు ప్రాణం ఇచ్చుకున్నారు. తండ్రి మాటకు అర్థం ఏంటని రాజు అడిగితే దీఘావు విడమరిచాడు. దూరం చూడకు అంటే వైరాన్ని పొడిగించకు. దగ్గరగా చూడకు అంటే స్నేహితులతో తొందరపడి తెంచుకోకు. నిన్ను చంపితే నీవాళ్లు నన్ను చంపుతారు, నావాళ్లు వాళ్లను చంపుతారు, ఇక దానికి చివర ఉండదు. ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్‌లో చూసింది ఇదే. రాజు అతని తండ్రి రాజ్యం, సైన్యం, ఖజానా తిరిగి అప్పగించాడు.

దీఘావు దేన్నీ మర్చిపోలేదు. తల్లిదండ్రుల చావును రాజు మొహం మీదే చెప్పాడు. రాజ్యం వెనక్కి వచ్చింది. వదులుకున్నది ఒక్క తీపినే. ఊరి పెద్ద రాజీలో ఈ లెక్క ఉందా? అందులో మనం కేసు వదులుకోవాలి, భూమి వదులుకోవాలి, నోరు మూసుకోవాలి. లోపల కోపం మాత్రం మనకే మిగులుతుంది.

మహాడ్, చుండూరు

1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో మహాడ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. కాసేపటికి గుడిలోకి కూడా వస్తారట అని పుకారు లేపి, భోజనాల దగ్గరున్న ప్రతినిధుల మీద కర్రలతో పడ్డారు. మనవాళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. తిరగబడదామంటే బలం లేక కాదు. బాబాసాహెబ్ ఆపారు. ఆపి ఊరుకోలేదు, కొట్టినవాళ్ల మీద కేసు పెట్టించారు. అవతలివాళ్లు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు నింపిన 108 కుండలు చెరువులో కుమ్మరించి “శుద్ధి” చేసుకున్నారు. చెరువు మీద హక్కు కోసం కోర్టులో పోరాటం పదేళ్లు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు ఇచ్చింది.

“బుద్ధుడా, కార్ల్ మార్క్సా” అన్న వ్యాసంలో బాబాసాహెబ్ సింహ సేనాపతి కథ చెప్తారు. నేరస్తుణ్ని శిక్షించడం కూడా హింసేనా అని సేనాపతి అడుగుతాడు. నేరం చేసినవాడికి శిక్ష పడాల్సిందే, ఆ శిక్షకు కారణం వాడు చేసిన పనే, శిక్ష వేసేవాడు మాత్రం మనసులో ద్వేషం పెట్టుకోకూడదు అన్నది బుద్ధుడి జవాబు. కంచె కావాలన్న కోరిక న్యాయమైనదే, ఆ కంచె వేసే చేతికి తీపి అంటకూడదు. అందుకే మధ్యలో మూడో చెయ్యి, రోహిణి దగ్గర సిద్ధార్థుడు అడిగిన ఐదో మనిషి.

ఆ ఐదో మనిషి కూడా మోసం చేస్తే? ఈ ప్రశ్న దాటవెయ్యను. కారంచేడు బాధితులు చీరాలకు తరలివెళ్లి పోరాడారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం రావడంలో ఆ పోరాటం పాత్ర ఉంది. చుండూరు బాధితులు మా ఊళ్లోనే కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించారు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు వాళ్లందరినీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తీర్పు విన్న రోజు ఎవరికైనా రక్తం మరగకపోతే వాళ్లలో ఏదో తేడా ఉన్నట్టే. కానీ నా అభిప్రాయం ఇది: కోర్టు ఓడించిన చోట కత్తి గెలుస్తుందన్న ఆశ, మందబలం మనవైపు లేని ఊళ్లలో, మన పిల్లల ప్రాణాలతో ఆడే జూదం. ఆ జూదంలో మొదట పోయేది కత్తి పట్టినవాడు కాదు, దొరికినవాడు. సాక్షులు పదహారేళ్లు మాట మార్చకుండా నిలబడటం మాత్రం ఊళ్లో అందరూ చూశారు. అదీ కంచే.

మీ పేటలో అలాంటిది జరిగితే ఇవి గుర్తుండాలి. 2018 సవరణ తర్వాత ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి. ఎఫ్ఐఆర్ కాపీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. విధిని కావాలని వదిలేసిన అధికారికి కూడా అదే చట్టంలోని 4వ సెక్షన్‌లో శిక్ష ఉంది. రాజీ మాటలు వినేముందు ఫిర్యాదు రాసి ఇవ్వండి.

మనలో మనకు

ఇక మనలో మనకు వచ్చే తగాదాలు. నిజం చెప్పాలంటే మన పగల్లో ఎక్కువ భాగం దొరల మీద కాదు. విహారం కమిటీలో అధ్యక్షుడెవరు, జయంతి చందా లెక్క ఏమైంది, ఫ్లెక్సీలో ఎవరి ఫోటో పెద్దది, మాలా మాదిగా, అన్నాదమ్ములా గోడ. దూరంగా ఉన్న బలవంతుడి మీద తీరని కోపం దగ్గరున్న బలహీనుడి మీద తీరుతుంది, కోతుల్లో చూశాం కదా.

ఈ నెల ఒక పని చెయ్యండి. మీరు మాట్లాడటం మానేసిన మనిషి ఒకరిని తీసుకోండి. అత్యాచారం చేసినవాణ్ని కాదు, వాడి చోటు స్టేషన్‌లో. మనవాళ్లలో ఒకరిని. ఒక కాగితం మీద జరిగింది రాయండి, తేదీ, చోటు, అన్న మాట. వెనక పేజీలో అదే సంగతి వాళ్లు రాస్తే ఎలా రాస్తారో రాయండి. మొదటి పేజీ త్వరగా నిండుతుంది, రెండోది నిండదు. నిండేదాకా కూర్చోండి. తర్వాత ఇద్దరికీ కావాల్సిన మనిషిని ఒకరిని కలుపుకుని ఆ రెండు పేజీలతో కూర్చోండి.

దీఘావు కథ కోసంబి భిక్ఖువులకు చెప్పారని అన్నాను కదా. వాళ్ల గొడవ ఎలా మొదలైందో అట్ఠకథలో ఉంది. ఒక భిక్ఖువు మరుగుదొడ్డి దగ్గర పాత్రలో నీళ్లు మిగిల్చి వచ్చాడు. అది తప్పని ఒకరు, తెలియక చేస్తే తప్పు కాదని ఒకరు. తెలియదంటే సరే అన్నవాళ్లే బయటికి వెళ్లి “వాడికి తప్పు చేసిన సంగతి కూడా తెలియదు” అని ప్రచారం చేశారు. సంఘం నుంచి బహిష్కరించారు. అతని వెనక ఒక గుంపు, ఎదురుగా ఒక గుంపు. బుద్ధుడు స్వయంగా వెళ్లి దీఘావు కథ చెప్పినా వినలేదు. మీరు హాయిగా ఉండండి, ఈ గొడవ మేం చూసుకుంటాం అన్నారు. బుద్ధుడు ఎవరికీ చెప్పకుండా పాత్ర తీసుకుని ఒక్కడే వెళ్లిపోయాడు.

వాళ్లను దారికి తెచ్చింది కోసంబి గృహస్థులు. మీలాంటి నాలాంటివాళ్లు. భగవానుడు వీళ్ల వల్లే వెళ్లిపోయాడని తెలిసి నమస్కారం పెట్టడం మానేశారు, భిక్ష వెయ్యడం మానేశారు. తిట్టలేదు, కొట్టలేదు. కొద్ది రోజులకే రెండు గుంపులూ శ్రావస్తికి బయల్దేరాయి. బహిష్కరణ పడిన భిక్ఖువు వినయ నియమాలు మళ్లీ తిరగేసుకుని, తాను చేసింది తప్పేనని తానే వచ్చి చెప్పాడు. సంఘం అతన్ని తిరిగి చేర్చుకుంది.